దొరకని పాట్‌కి దారులు



1966లో, అమెరికాలోని కాలిఫోర్నియాలో, థామస్ ఆర్గన్ అనే కంపెనీలో బ్రాడ్ ప్లంకెట్ అనే యువ ఇంజనీరు ఉండేవాడు. ఆ కంపెనీ వాళ్ల గిటార్ ఆంప్లిఫయర్‌లో మధ్యస్థాయి స్వరాల్ని ఎత్తి చూపించడానికి ఒక స్విచ్ ఉండేది. దాని ఖరీదు ఎక్కువ. అదే పని చవగ్గా చేసేది ఏదైనా చూడమన్నారు. ప్లంకెట్ ఆ స్విచ్ పీకేసి, దాని స్థానంలో ఒక పొటెన్షియోమీటర్, అంటే పాట్, పెట్టాడు. నాబ్ తిప్పుతూ ఉంటే గిటార్ శబ్దం మనిషి నోరు తెరిచి మూస్తున్నట్టు ‘వా... వా...’ అంది. ఆ సర్క్యూట్‌ని వాక్స్ బ్రాండ్ ఆర్గన్‌కి వాడే వాల్యూమ్ పెడల్‌లో బిగించారు. 1967లో వా పెడల్ అమ్మకానికి వచ్చింది. జిమీ హెండ్రిక్స్ దాన్ని లోకమంతా వినిపించాడు.

నాలుగు డబ్బులు మిగులుతాయని ఒక భాగం బదులు ఇంకొకటి పెడితే కొత్త వాయిద్యం లాంటిదే పుట్టిందన్నమాట. కాబట్టి పెడళ్ల విషయంలో ‘అది దొరక్కపోతే ఇది’ అనడం తప్పేమీ కాదు. అయితే ఏది బదులు ఏది పెట్టవచ్చో తెలియాలి. ఇవాళ మాట్లాడుకునేది దాని గురించే.

ఇంట్లో సొంతంగా గిటార్ పెడల్ కట్టుకునేవాళ్లకి రెసిస్టర్లు, కెపాసిటర్లు, ఐసీలు పెద్ద ఇబ్బంది పెట్టవు. ఇబ్బంది పెట్టేది పాట్. సర్క్యూట్ పటంలో 20 కె అని ఉంటుంది, లేకపోతే 500 కె రివర్స్ లాగ్ అని ఉంటుంది. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లి అడిగితే ఒకాయన 10 కె చూపిస్తాడు, ఇంకొకాయన 22 కె చూపించి ‘ఇది నడుస్తది, తీస్కోండి’ అంటాడు. నడుస్తుందో లేదో తేల్చుకోవలసింది మనమే. దానికి ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ పాట్ ఈ సర్క్యూట్లో ఏ ఉద్యోగం చేస్తోంది? ఆ సంగతి తేలితే పటంలో అంకె మీద అంత పట్టింపు అక్కర్లేదు.

రేడియోలో బొమ్మ గీసి చూపించలేను. అందుకని ఒక పాట్‌ని చేతిలో పట్టుకున్నట్టు అనుకోండి. నాబ్ మీ వైపు, మూడు కాళ్లూ కిందికి. ఎడమ నుంచి ఒకటి, రెండు, మూడు. ఒకటో కాలికీ మూడో కాలికీ మధ్య లోపల వంపు తిరిగిన కార్బన్ పట్టీ ఉంటుంది. పాట్ విలువ అంటే ఆ పట్టీ మొత్తం రెసిస్టెన్స్. రెండో కాలు ఆ పట్టీ మీద జరిగే కొసకి కలిపి ఉంటుంది. వెయ్యి ఓమ్‌లని ‘కె’ అనే అందాం, దుకాణాల్లోనూ అలాగే అంటారు.

ఈ మూడు కాళ్లూ వాడితే అది సిగ్నల్‌ని పంచిపెడుతుంది. వాల్యూమ్ నాబ్ చేసే పని అదే. రెండే కాళ్లు వాడితే అది మార్చుకోగలిగిన రెసిస్టర్ మాత్రమే. గెయిన్, స్పీడ్ నాబ్‌లు చాలావరకు ఈ రకం. మూడో రకం కూడా ఉంది, ట్రాన్సిస్టర్‌కి కరెంటు ఎంత పారాలో నిర్ణయించే దారిలోనే కూర్చునే పాట్. అది అరుదు గానీ, అన్నింటికంటే పేచీకోరు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

సోల్డరింగ్ ఐరన్ వేడి చేసే ముందు ఒక్క మాట. కార్బన్ పాట్ మీద రాసిన విలువకి మామూలుగా 20 శాతం అటూ ఇటూ తేడా ఉండవచ్చని తయారీదారులే చెబుతారు. 100 కె అని రాసి ఉన్నది మీటర్ మీద 80 నుంచి 120 దాకా ఎంతైనా చూపించవచ్చు. అంటే 25 కె పాట్‌ల డబ్బాలో 20 కె పాట్ నిజంగానే ఉండవచ్చు! 470 కె దొరికి 500 కె దొరకలేదని దిగులుపడే వాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది. ఆ తేడా 6 శాతం. జపాన్ వాళ్లు 20, 50, 200, 500 అనే వరుసలో చేశారు. అమెరికా వాళ్లు 25, 250 అన్నారు. బ్రిటన్ ఆంప్లిఫయర్లలో 220, 470 కనిపిస్తాయి. మన పటంలో ఉన్న ‘విచిత్రమైన’ విలువ చాలాసార్లు ఆ పెడల్ ఏ దేశంలో పుట్టిందో చెబుతుందంతే.

దీనికి మంచి ఉదాహరణ ట్యూబ్ స్క్రీమర్. 1970ల చివర్లో జపాన్‌లో సుసుము తమురా రూపొందించిన పెడల్ అది, ఐబనెజ్ పేరుతో అమ్ముడుపోయింది. స్టీవీ రే వాన్ వాడకంతో బ్లూస్ వాయించే ప్రతివాడికీ కావలసిన వస్తువైంది. అందులో టోన్ పాట్ 20 కె. పైగా దాని టేపర్, అంటే నాబ్ తిరిగే కొద్దీ విలువ మారే తీరు, మామూలుది కాదు. రెండు కొసల దగ్గర నెమ్మదిగా, మధ్యలో వేగంగా మారుతుంది. ఆ రకం మన బజారులో దొరకడం కష్టం. ఏం చేయాలి? 25 కె లీనియర్, అంటే మొదటి నుంచి చివరిదాకా ఒకేలా మారే, పాట్ పెట్టేయండి, అంతే. నాబ్ రెండు చివర్లలో మార్పు కాస్త గుమిగూడినట్టు అనిపిస్తుంది. పెడల్ స్వభావం మాత్రం మారదు.

కొందరు ఇక్కడ తెలివిగా 25 కె పాట్ ఒకటో మూడో కాళ్ల మధ్య 100 కె రెసిస్టర్ కలిపి, లెక్క సరిగ్గా 20 వచ్చిందని సంబరపడతారు. లెక్క నిజమే. కానీ ఆ పాట్ రెండు చివర్లూ ఆప్ ఆంప్ రెండు ఇన్‌పుట్లకి తగులుకుని ఉన్నాయి. ఆప్ ఆంప్ తన ఇన్‌పుట్లు రెండింటినీ ఒకే వోల్టేజీ దగ్గర ఉంచడానికి చూస్తుంది. రెండు వైపులా ఒకే వోల్టేజీ ఉంటే మధ్యలో పెట్టిన రెసిస్టర్లో కరెంటు పారదు. పారని రెసిస్టర్ ఉన్నా లేనట్టే. పాట్ ఉద్యోగం ఏమిటో అడగకుండా అంకెని మాత్రమే సరిచేస్తే జరిగేది ఇదే, సోల్డర్ దండగ.

మరి ఆ చిట్కా పనికొచ్చే చోటు ఏది? వాల్యూమ్. పటంలో 100 కె ఉంది, మీ దగ్గర 250 కె ఉందనుకోండి. ఒకటో మూడో కాళ్ల మధ్య 150 కె రెసిస్టర్ కలపండి. రెండింటినీ గుణించి, వాటి మొత్తంతో భాగిస్తే దాదాపు 94 వస్తుంది. 500 కె పాట్ అయితే 120 కె కలపండి, 97 వస్తుంది. ముందున్న ట్రాన్సిస్టర్‌కి కనిపించే బరువు పటంలో ఉన్నట్టే ఉంటుంది. నాబ్ నడిచే తీరు కూడా చెడదు, ఎందుకంటే మధ్య కాలు పట్టీని పంచే నిష్పత్తిలో మార్పేమీ లేదు.

ఒక్క చిక్కుంది. పెద్ద పాట్ నడిమధ్యలో ఉన్నప్పుడు రెండో కాలి దగ్గర రెసిస్టెన్స్ కూడా పెద్దదే. 250 కె పాట్‌కి అది 62 కె పైచిలుకు. 100 కె పాట్‌కి 25 మాత్రమే. గిటార్ కేబుల్‌కి మీటరుకి సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది. పాట్ నుంచి నేరుగా 5 మీటర్ల కేబుల్ వెళ్తే, 100 కె పాట్‌తో 12 కిలోహెర్ట్జ్ దాకా బాగానే ఉండే శబ్దం, 250 కె పాట్‌తో 5 కిలోహెర్ట్జ్ దగ్గరే మొద్దుబారుతుంది. ‘క్లోన్ చేసిన పెడల్ ఒరిజినల్ కంటే మసగ్గా ఉంది’ అనే ఫిర్యాదుల్లో కొన్నిటికి ఇలాంటిదే కారణం. కాబట్టి పెడల్ ఆఖర్న ఉండే వాల్యూమ్‌కి అసలు విలువే వెతకండి. దాని తర్వాత ఇంకో బఫర్ ఉంటే నిశ్చింతగా మార్చేయండి.

ఇక ఉన్న పాట్ చిన్నదై, కావలసింది పెద్దదైతే, వరసలో రెసిస్టర్ కలపడం ఒక మార్గం. వాల్యూమ్ అయితే ఆ రెసిస్టర్‌ని మూడో కాలి వైపు, అంటే సిగ్నల్ వచ్చే వైపు కలపండి. 150 కె కావలసిన చోట 100 కె పాట్, 47 కె రెసిస్టర్ పెడితే కొద్దిగా, 3 డెసిబెల్స్ పైన, శబ్దం తగ్గుతుంది. గ్రౌండ్ వైపు కలిపితే మాత్రం నాబ్ సున్నాకి తిప్పినా శబ్దం ఆగదు.

ఇప్పుడు టేపర్ సంగతి. పాట్ మీద ఏ అని ఉంటే లాగ్, బి అని ఉంటే లీనియర్, సి అని ఉంటే రివర్స్ లాగ్. ఇప్పుడు వచ్చే ఆసియా తయారీ పాట్లకి ఇదే లెక్క. కొన్ని పాత యూరప్ పాట్ల మీద ఏ అంటే లీనియర్ అని అర్థం. అందుకని అక్షరాన్ని నమ్మకండి. నాబ్‌ని సరిగ్గా సగంలో పెట్టి, ఒకటో రెండో కాళ్ల మధ్య కొలవండి. మొత్తంలో సగం ఉంటే లీనియర్. 10 నుంచి 20 శాతం ఉంటే లాగ్. 80 పైన ఉంటే రివర్స్ లాగ్. మన చెవికి శబ్దం రెట్టింపైనట్టు అనిపించాలంటే పవర్ సుమారు పది రెట్లు కావాలి. అందుకే వాల్యూమ్‌కి లాగ్ పాట్ వాడతారు. లీనియర్ పెడితే మొదటి పావు వంతులోనే అంతా అయిపోయినట్టు ఉంటుంది.

లీనియర్ పాట్‌తో లాగ్ నడక రప్పించవచ్చు. 100 కె లీనియర్ పాట్‌కి రెండో కాలి నుంచి ఒకటో కాలికి, అంటే గ్రౌండ్‌కి, 15 కె రెసిస్టర్ కలపండి. నాబ్ సగంలో ఉన్నప్పుడు వచ్చే సిగ్నల్ 19 శాతం దగ్గరికి దిగుతుంది. ఇది పాతకాలపు చిట్కా, బాగా పనిచేస్తుంది. అయితే దీనికి ధర ఉంది. నాబ్ పూర్తిగా తిప్పినప్పుడు ముందున్న దశకి కనిపించేది 100 కె కాదు, 13 కె. ముందున్నది ఆప్ ఆంప్ అయితే దానికి 13 కె ఒక లెక్కలోది కాదు. ట్రాన్సిస్టర్ కలెక్టర్ నుంచి నేరుగా వస్తుంటే మాత్రం, నాబ్ పైకి తిప్పే కొద్దీ శబ్దం నీరసపడుతుంది. అలాంటి చోట 500 కె లీనియర్ పాట్ తీసుకుని, దానికి 82 కె కలపండి. సగంలో 20 శాతం వస్తుంది, పూర్తిగా తిప్పినా బరువు 70 కె దగ్గరే ఆగుతుంది.

రివర్స్ లాగ్ దగ్గర చాలామంది చేతులెత్తేస్తారు. అమెరికాలో సాల్ట్ లేక్ సిటీకి చెందిన డీఓడీ కంపెనీ చేసిన 250 అనే ఓవర్‌డ్రైవ్ పెడల్ తీసుకుందాం. యింగ్వే మాల్మ్‌స్టీన్ వాడిన బూడిదరంగు పెడల్ అది. అందులో గెయిన్ పాట్ 500 కె రివర్స్ లాగ్. ఆ టేపరే ఎందుకు? ఫీడ్‌బ్యాక్‌లో 10 లక్షల ఓమ్‌ల రెసిస్టర్, గ్రౌండ్ వైపు 4.7 కె, దానితో వరసలో మన పాట్. గెయిన్ అంటే ఆ 10 లక్షల్ని కింది మొత్తంతో భాగించి ఒకటి కలపడం. పాట్ పూర్తిగా ఉన్నప్పుడు గెయిన్ 3. పాట్ సున్నా అయితే 214. లీనియర్ పాట్ పెట్టి సగం దాకా తిప్పితే గెయిన్ 5 దగ్గరే ఉంటుంది. 20 రావాలంటే నాబ్ పదింట తొమ్మిది వంతులు తిరిగిపోవాలి. 20 నుంచి 214 దాకా ఉన్న సరుకంతా ఆఖరి పదో వంతులో ఇరుక్కుంటుంది. వేదిక మీద బూటు కాలి పక్కన కూర్చుని అంత సన్నగా ఎవరు తిప్పగలరు?

దీనికి రెండు దారులు. మొదటిది, 500 కె లాగ్ పాట్ తెచ్చి, రెండో మూడో కాళ్లకి బదులు ఒకటో రెండో కాళ్లు వాడటం. నడక సరిగ్గా రివర్స్ లాగ్ లాగే ఉంటుంది. కాకపోతే నాబ్ తిరగబడుతుంది, ఎడమకి తిప్పితే గెయిన్ పెరుగుతుంది. ఎంఎక్స్ఆర్ ఫేజ్ 90 స్పీడ్ పాట్‌కి కూడా ఇదే ఉపాయం. ఒక్కటే నాబ్ ఉన్న పెడల్ కాబట్టి నాలుగు రోజుల్లో చేతికి అలవాటవుతుంది.

నాకు నచ్చేది రెండోది. 500 కె ఆలోచనే మానేసి, 100 కె లీనియర్ పాట్ పెట్టండి. గెయిన్ కనీసం 10 పైచిలుకు, సగంలో 19, చివర 214. పోయేది 3 నుంచి 10 దాకా ఉన్న భాగం. ఓవర్‌డ్రైవ్ పెడల్ కొనుక్కుని గెయిన్ 3 దగ్గర వాయించేవాళ్లు ఎందరు చెప్పండి! అందరూ ఒప్పుకోకపోవచ్చు. శుభ్రమైన బూస్ట్‌గా వాడేవాళ్లకి ఆ కింది భాగమే ప్రాణం. వాళ్లు మొదటి దారి పట్టవచ్చు.

ఇప్పుడు ఆ పేచీకోరు పాట్. ఫజ్ ఫేస్ 1966లో లండన్‌లో ఆర్బిటర్ కంపెనీ తెచ్చిన పెడల్. మైక్ స్టాండ్ అడుగున ఉండే ఇనుప దిమ్మెలా గుండ్రంగా ఉంటుంది. లోపల రెండే ట్రాన్సిస్టర్లు. ఫజ్ పాట్ 1 కె. ఈ పాట్ రెండో ట్రాన్సిస్టర్ ఎమిటర్ నుంచి గ్రౌండ్‌కి వెళ్లే కరెంటు దారిలోనే ఉంది. దాని మధ్య కాలి నుంచి 20 మైక్రోఫారడ్ల కెపాసిటర్ గ్రౌండ్‌కి వెళ్తుంది. అంటే రెండు ఉద్యోగాలు: మొత్తం విలువ ట్రాన్సిస్టర్ కరెంటుని నిర్ణయిస్తుంది, మధ్య కాలు ఎంత ఫజ్ కావాలో నిర్ణయిస్తుంది. 1 కె దొరక్క 2 కె పెట్టారనుకోండి. కరెంటు దాదాపు సగమైపోతుంది. కలెక్టర్ దగ్గర 4.5 వోల్టులు ఉండవలసింది 6 దాటుతుంది. స్వరం చివర్లో గరగరమంటూ తెగిపోతుంది. అందుకని ఇక్కడ 2 కె పాట్ ఒకటో మూడో కాళ్ల మధ్య 2.2 కె రెసిస్టర్ తప్పనిసరి. మొత్తం 1.05 కె వచ్చి బయాస్, అంటే ట్రాన్సిస్టర్‌లో నిలకడగా పారే కరెంటు, చక్కబడుతుంది. నాబ్ నడక మాత్రం కాస్త చివరికి నెట్టుకుపోతుంది. అసలు 1 కె లీనియర్‌లోనే ఫజ్ అంతా ఆఖర్లో ఉంటుంది, ఇది దాన్ని ఇంకొంచెం పెంచుతుంది.

ఇంతకంటే మంచి మార్గం 500 ఓమ్‌ల పాట్. గ్రౌండ్ వైపు 470 ఓమ్‌ల రెసిస్టర్ వరసలో కలపండి. మొత్తం 970, బయాస్‌కి చాలు. నాబ్ ఇప్పుడు పనికొచ్చే పై సగంలోనే తిరుగుతుంది. తక్కువ ఫజ్ సంగతి ఏమిటంటారా? ఫజ్ ఫేస్‌ని ఎక్కువమంది ఫజ్ పూర్తిగా పెట్టి, గిటార్ మీద వాల్యూమ్ తగ్గించి శుభ్రం చేసుకుంటారు. హెండ్రిక్స్ చేసిందీ అదే. కాబట్టి పోయిందేమీ లేదు.

పాట్‌కి అనుగుణంగా చుట్టుపక్కల భాగాల్ని మార్చడం అనే ఇంకో పద్ధతి ఉంది. నన్నడిగితే అన్నింటికంటే శుభ్రమైనది ఇదే. ట్యూబ్ స్క్రీమర్ డ్రైవ్ పాట్ 500 కె. మీ దగ్గర 250 కె ఉందా? పాట్‌తో వరసలో ఉన్న 51 కె రెసిస్టర్‌ని 24 కె చేయండి. గ్రౌండ్ వైపు 4.7 కె ని 2.2 కె చేయండి. దానితో ఉన్న 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ని 0.1 చేయండి. ఫీడ్‌బ్యాక్‌లో ఉన్న 51 పికోఫారడ్‌ని 100 చేయండి. గరిష్ఠ గెయిన్ 118 ఉండేది 125 అవుతుంది. బేస్ కోత మొదలయ్యే చోటు 720 హెర్ట్జ్ దగ్గరే ఉంటుంది. రెసిస్టర్లు సగం, కెపాసిటర్లు రెట్టింపు, గుర్తుంచుకోవలసింది అదే. డయోడ్లలో పారే కరెంటు దాదాపు రెట్టింపవుతుంది గానీ ఆ తేడా చెవికి పెద్దగా తెలియదు.

ర్యాట్ అనే పెడల్‌లో ఫిల్టర్ నాబ్ కూడా ఇలాగే లొంగుతుంది. 100 కె పాట్, 1.5 కె రెసిస్టర్, 3.3 నానోఫారడ్ కెపాసిటర్. నాబ్ పూర్తిగా తిప్పితే 475 హెర్ట్జ్ నుంచి కోత మొదలు. 50 కె పాట్ మాత్రమే ఉంటే కెపాసిటర్ 6.8 నానో, రెసిస్టర్ 680 ఓమ్‌లు పెట్టండి. 460 దగ్గర వస్తుంది. కెపాసిటర్ల తేడాలే 10 శాతం ఉంటాయి, ఆ 15 హెర్ట్జ్‌కి బాధపడనక్కర్లేదు.

ఏ ఉపాయమూ పనిచేయని చోట్లు కూడా ఉన్నాయి. 1994లో వచ్చిన క్లాన్ సెంటార్ అనే పెడల్‌లో గెయిన్ నాబ్ ఒకే కడ్డీ మీద రెండు 100 కె లీనియర్ పాట్లు. ఒకటి గెయిన్ పెంచుతుంటే రెండోది శుభ్రమైన సిగ్నల్‌ని తగ్గిస్తుంటుంది. రెండు విడి పాట్లు పెడితే పెడల్ మోగుతుంది, కానీ ఆ రెండూ కలిసి కదలడమే దాని ప్రత్యేకత. స్టీరియో ఆంప్లిఫయర్లకి అమ్మే డబుల్ పాట్లలో వెతకండి, మీటర్ పెట్టి లీనియర్ అని తేల్చుకుని కొనండి. అలాగే వా పెడల్ పాట్. పాదం కదిలే దూరంలో ఆ పాట్ పూర్తిగా తిరగదు, దాని టేపర్ ఆ కొద్ది దూరానికి తగ్గట్టే తయారు చేస్తారు. మామూలు పాట్ పెడితే ‘వా’ సరిగ్గా రాదు, ఒక మూల ‘ఉ’ అని ఊరుకుంటుంది. దానికి డబ్బు ఖర్చు పెట్టవలసిందే.

ఇదంతా 9 వోల్టుల పెడళ్ల మాట. వాల్వ్ ఆంప్లిఫయర్ల లోపల వందల వోల్టులు ఉంటాయి, అక్కడ ఈ ప్రయోగాలు చేయకండి.

చివరగా ఒక మనవి. ఏ పాట్ బదులు ఏది పెట్టారో, ఏ కాళ్ల మధ్య ఏ రెసిస్టర్ కలిపారో పెడల్ మూత లోపలివైపు పర్మనెంట్ మార్కర్‌తో రాసిపెట్టండి. రేపు దాన్ని బాగుచేసేది మీరే కావచ్చు, మీ దగ్గర కొనుక్కున్న ఇంకెవరైనా కావచ్చు. వాళ్ల చేతిలో పటం ఒకలా, పెడల్ ఇంకోలా ఉండకూడదు.